పుత్తూరు కట్టుకు ఎమ్మెల్సీ ఉండదు తమ్ముడూ

నువ్వు పంపిన పెద్ద ఉత్తరాన్ని ముందు నాలుగు ముక్కల్లో పెడతాను, చదివే మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కదా. "నాకు 34. తిరుపతిలో ప్రైవేటు ఉద్యోగం. పెండ్లయి ఐదేండ్లు, మూడేండ్ల పాప. మొదట్లో చెంపదెబ్బలు. తర్వాత స్టీలు చెంబు విసిరితే నుదుటి మీద నాలుగు కుట్లు. వేలు విరిగితే బండి మీద నుంచి పడ్డానని చెప్పి పుత్తూరు పోయి కట్టు కట్టించుకున్నా. పోయిన నెల కాగిన నీళ్లు చేతి మీద పోసింది, అడ్డమొచ్చిన మా అమ్మను తోసేసింది. అమ్మకు ఇంకా నేనేమీ చెప్పలేదు. ఏటీఎం కార్డు తన దగ్గరే. బయట చెబితే భార్యను వేధించినానని 498ఏ కేసు పెడతా, లేదంటే చెయ్యి కోసుకుంటా అంటుంది. స్టేషన్‌కు పోతే నవ్వినారు. మొగోళ్లకు చట్టమేదైనా ఉందా మేడం? ఇల్లొదిలి పోతే తప్పు నాదవుతుందా? ఒక్కోసారి చచ్చిపోదామనిపిస్తుంది."

ఆ చివరి వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. చట్టం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఈ రాత్రి మళ్లీ ఆ ఆలోచన వస్తే 14416కు ఫోన్ చెయ్. అది ప్రభుత్వం నడిపే టెలీమానస్, 2022 నుంచి ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,70,924 మందిలో 1,22,724 మంది మగవాళ్లు. కారణాల్లో మొదటిది కుటుంబ సమస్యలే. ఆ లెక్కలో కలవడానికి నువ్వు నాకు రాయలేదు. సహాయం అడగడానికి రాశావు. అది మంచి పని.

ఇప్పుడు నా సంగతి ఒక మాట. ఇరవై ఆరేండ్లుగా తిరుపతి, చిత్తూరు కోర్టుల్లో లాయరుగా కుటుంబ కేసులు చూస్తున్నా. నా దగ్గరికొచ్చే వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, వాళ్లలో ఎక్కువమంది దెబ్బలు తిన్నవాళ్లే. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, మగవాళ్ల బాధ అని మొదలుపెట్టి ఆడజాతిని తిట్టడంతో ముగించే వీడియోలు ఈ మధ్య జాస్తి అయినాయి. నీకు అవి పనికిరావు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పెండ్లయిన ఆడవాళ్లలో నూటికి 29 మంది భర్త చేతిలో హింస చూశామన్నారు. భర్త కొట్టకముందే తామే చెయ్యి చేసుకున్నామని చెప్పినవాళ్లు నూటికి నలుగురు. అదే సర్వే మగవాళ్లను "నిన్ను నీ భార్య కొట్టిందా" అని అడగనే అడగదు. హర్యానా పల్లెల్లో వెయ్యి మంది పెండ్లయిన మగవాళ్లను అడిగి 2019లో ఒక అధ్యయనం అచ్చేశారు. అందులో నూటికి ఆరుగురు దెబ్బలు తిన్నామన్నారు, సగానికి పైగా మాటలతో నలిగిపోయామన్నారు. ఆ సగంలో మామూలు మొగుడూపెళ్లాల పోట్లాట ఎంత కలిసిందో అని నాకు అనుమానమే. కానీ ఆరు అనేది చిన్న సంఖ్య కాదు. నువ్వు ఆ ఆరులో ఒకడివి.

ఎవరు వచ్చినా నేను మొదట అడిగే ప్రశ్న నిన్నూ అడుగుతా. నువ్వు చెయ్యి ఎత్తావా? ఒక్కసారైనా? ఎందుకంటే ముంజేతి మీద గోళ్ల గీతలు చూపించి "చూడండి మేడం, ఎట్లా గీరిందో" అని ఒకాయన వచ్చినాడు. రెండోరోజు వాళ్లావిడ మెడ ఫోటోలు చూస్తే తెలిసింది, ఆ గీతలు ఆమె ఊపిరాడక పెట్టినవని. ఆయన కేసు నేను తీసుకోలేదు. నీ గాయాలు వేరే కథ చెబుతున్నాయి, నుదురు, వేలు, కాలిన చెయ్యి, అన్నీ నీ వైపే. అయినా లాయరు దగ్గర ఏదీ దాచొద్దు. కట్నం తీసుకున్నావా, ఎంత, ఎవరి చేతికి ఇచ్చారు, అది కూడా. అవతలి లాయరు నోట మొదటిసారి వినాల్సి వస్తే నేను నీకు ఏ సాయమూ చెయ్యలేను.

సరే, నీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది వేడినీళ్లు కాదు, పుత్తూరు. నేను పుత్తూరు కట్టును తప్పు పట్టడం లేదు. మా నాయన మోచెయ్యి ఆ ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలతోనే సరైంది. కానీ అక్కడ ఎముక చూస్తారు, అది ఎవరు విరిచారో రాసుకోరు. నీకు కావాల్సింది ఎమ్మెల్సీ. శాసనమండలి మెంబరు అనుకోకు, మెడికో లీగల్ కేసు. ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో, మనకైతే రుయాలో, "దెబ్బ ఎట్లా తగిలింది" అని డ్యూటీ డాక్టరు అడిగినప్పుడు "నా భార్య ఫలానా వస్తువుతో కొట్టింది" అని నువ్వు నోరు తెరిచి చెబితే, ఆ మాట, టైము, గాయం కొలతలు రిజిస్టరులోకి ఎక్కుతాయి. అక్కడి నుంచి పోలీసులకు సమాచారం పోతుంది. తర్వాత గాయాల వివరాలతో ఊండ్ సర్టిఫికెట్ వస్తుంది. కోర్టులో ఆ ఒక్క కాగితం చేసే పని నా అరగంట వాదన చెయ్యదు.

మగవాళ్లు అక్కడే బొక్కబోర్లా పడతారు. ఆడవాళ్లు కూడా బాత్రూంలో జారినామని చెబుతారు, ఇరవై ఆరేండ్లుగా వింటున్నా. కానీ వాళ్లకు ఎక్కడో ఒక చోట ఒక అక్కో, ఒక నర్సో "నిజం చెప్పమ్మా" అని అడుగుతుంది. మగవాణ్ణి ఎవరూ అడగరు. బండి మీద నుంచి పడ్డానంటే "హెల్మెట్ పెట్టుకోవాల్నబ్బా" అని మందు రాసిచ్చి పంపేస్తారు. తన సాక్ష్యాన్ని తన చేత్తోనే తుడిచేసుకుని, మూడేండ్ల తర్వాత "నా మాట ఎవరూ నమ్మరు" అంటాడు. సిగ్గు పడేది అతను, దాని లాభం అవతలివాళ్లకు.

మరి ఇప్పటికే చెప్పిన అబద్ధాల సంగతేంది? అవి నిన్ను ముంచేయవు. కాకపోతే వాటిని దాచొద్దు. ఇకపై నువ్వు ఇచ్చే మొదటి ఫిర్యాదులోనే రాసెయ్. ఫలానా నెలలో వేలు విరిగింది, పరువు పోతుందని బండి మీద నుంచి పడ్డానని చెప్పాను, నిజం ఇదీ అని. కుట్లు వేసిన క్లినిక్ చీటీ, మందుల బిల్లు, ఆ రోజు ఆఫీసుకు పెట్టిన లీవు మెసేజి, స్నేహితుడికి అప్పుడే ఏదైనా చెప్పుకుని ఉంటే ఆ వాట్సాప్ మాటలు, అన్నీ దాచి పెట్టు. చేతి మీద కాలిన మచ్చ ఇంకా ఉంది కదా, రేపే రుయాకు పోయి చూపించు. పాతబడిన గాయం అని రాస్తారు, రాయనీ. ఏమీ లేకపోవడం కంటే అది వెయ్యి రెట్లు మేలు.

చట్టం ఉందా అని అడిగావు. గృహ హింస చట్టం, అంటే 2005ది, బాధితురాలు స్త్రీ అయితేనే వర్తిస్తుంది. దాని కింద నువ్వు కేసు వెయ్యలేవు. ఎవరైనా వేస్తామని డబ్బు తీసుకుంటే మోసం. కానీ మీ అమ్మ వెయ్యగలదు. బాధితురాలు కేసు వెయ్యాల్సింది వయోజన పురుషుడి మీదే అన్న మాటను 2016లో సుప్రీంకోర్టు ఆ చట్టంలోంచి కొట్టేసింది. మీ అమ్మ మీతో ఒకే ఇంట్లో ఉంటే, కోడలు ఆమె మీద చెయ్యి చేసుకుంటే, ఆమె మేజిస్ట్రేటు దగ్గర రక్షణ ఉత్తర్వు అడగొచ్చు. అయితే కొడుకు కోసం అమ్మను ముందుకు తోసి ఆట ఆడించడం వేరు, ఆమెకు నిజంగా జరిగినదానికి ఆమె అడగడం వేరు. జడ్జీలకు ఆ తేడా తెలుస్తుంది. మీ అమ్మ తనంతట తాను రావాలనుకుంటేనే తీసుకురా.

నీ శరీరం మీద పడ్డ దెబ్బకు మామూలు నేర చట్టం ఉంది. భారతీయ న్యాయ సంహిత, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. దెబ్బ తిన్నది మగా ఆడా అని అది చూడదు. ఉత్త చేత్తో కొడితే 115(2), ఏడాది దాకా శిక్ష. కానీ అది నాన్ కాగ్నిజబుల్, మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. స్టేషన్లో నిన్ను పంపేయడానికి వాళ్లకు దొరికిన సాకు ఇదే కావచ్చు, నవ్వడానికి మాత్రం ఏ సెక్షనూ లేదు. కాగిన నీళ్లు వేరే కథ. వేడి పదార్థంతో, కత్తితో, ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరిస్తే 118(1), మూడేండ్ల దాకా శిక్ష, అది కాగ్నిజబుల్. వేలు ఎముక విరగడం తీవ్ర గాయం కిందికొస్తుంది, 117(2), ఏడేండ్ల దాకా. నీ ఫిర్యాదులో "నా భార్య హింసిస్తోంది" అని ఒక ముక్క రాస్తే అది కుటుంబ గొడవ. ఫలానా తేదీ, రాత్రి ఇన్ని గంటలకు, గిన్నెలో కాగుతున్న నీళ్లు, ఎడమ చెయ్యి, అక్కడ ఎవరున్నారు అని రాస్తే అది నేరం. తీసుకోకపోతే ఆ కాగితాన్నే రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీకి పంపొచ్చు, నాగరిక సురక్షా సంహిత 173(4) అదే చెబుతోంది. సోమవారం ఎస్పీ ఆఫీసులో ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్సులో కూడా ఇవ్వొచ్చు. రసీదు తీసుకో. ఇంట్లో చెయ్యి లేచిన క్షణానికైతే 112. నువ్వు ఫోన్ చేసినట్టు వాళ్ల దగ్గర రికార్డు ఉంటుంది, అది కూడా కాగితమే.

మొగుణ్ణి జైల్లో పెట్టించాలని ఉందా, బతకాలని ఉందా అని నా దగ్గరికొచ్చే ఆడవాళ్లను ఎప్పుడూ అడగను, అది వాళ్ల ఇష్టం. నీకూ అంతే, ఆమె మీద కేసు పెట్టి తీరాలని నేను అనను. చాలామంది మగవాళ్లకు కావాల్సింది ఆమెకు శిక్ష కాదు, ఇంట్లో భయం లేకుండా నిద్రపోవడం. దానికి దారి ఫ్యామిలీ కోర్టు. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్లో క్రూరత్వం అనే కారణం భార్యకీ భర్తకీ ఒకటే. శారీరకమే కానక్కర్లేదు. పదే పదే చస్తానని బెదిరించడం, అమ్మానాన్నల నుంచి వేరు పడమని కారణం లేకుండా వేధించడం కూడా క్రూరత్వమేనని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. విడాకులు వద్దనుకుంటే 10వ సెక్షన్ కింద వేరుగా ఉండేందుకు ఉత్తర్వు అడగొచ్చు. ఇంకోటి, మా లాయర్లే మరిచిపోయేది. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 7వ సెక్షన్లో, వివాహ సంబంధం వల్ల వచ్చిన పరిస్థితుల్లో ఇంజంక్షన్, అంటే ఫలానా పని చెయ్యొద్దనే ఉత్తర్వు, ఇచ్చే అధికారం ఆ కోర్టుకు ఉంది. అందులో స్త్రీ పురుష భేదం లేదు. నీ ఆఫీసుకొచ్చి గొడవ చెయ్యొద్దనో, నువ్వు అద్దెకున్న గదికి రావొద్దనో అడగడానికి అది పనికొస్తుంది.

498ఏ భయం గురించి. ఇప్పుడది న్యాయ సంహితలో 85. పెట్టినంత మాత్రాన తెల్లారేసరికి తీసుకుపోయి లోపలేస్తారన్నది పాత భయం. ఏడేండ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చెయ్యొద్దని, ముందు నోటీసు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు కట్టడి చేసింది. నోటీసు వస్తే పో, సంతకం పెట్టి రా, పారిపోవద్దు. ఫోన్ ఆపేసి బెంగుళూరు బస్సెక్కినవాళ్లే ఎక్కువ కష్టపడ్డారు. ఆమె కేసు పెడితే, నీ ఎమ్మెల్సీ, నీ ఫిర్యాదు తేదీ అంతకు ముందువైతే ఒక రకం, తర్వాతవైతే ఒక రకం. తర్వాత వేస్తే ఎదురు కేసు అంటారు. అందుకే రేపే రుయాకు పొమ్మన్నా.

ఫోన్ రికార్డింగుల గురించి చాలామంది అడుగుతారు. భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డు చేసిన సంభాషణను విడాకుల కేసులో సాక్ష్యంగా చూడొచ్చని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఒరిజినల్ ఫోన్ మార్చొద్దు, అమ్మొద్దు, కోర్టుకిచ్చేటప్పుడు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే సర్టిఫికెట్ కావాలి. కానీ రికార్డు కోసం ఆమెను రెచ్చగొట్టొద్దు, ఆ గొంతు తేడా ఎవరికైనా తెలిసిపోతుంది. పడకగదిలో కెమెరా అసలే వద్దు. వాట్సాప్ స్టేటస్‌లో కవిత్వం కూడా వద్దు.

ఇల్లొదిలితే తప్పవుతుందా? దెబ్బల భయంతో బయటికి రావడం విడిచిపెట్టిపోవడం కిందికి రాదు. దానికి సరైన కారణం లేకుండా రెండేండ్లు వదిలేయాలి. కానీ చెప్పకుండా పోవద్దు. "ఫలానా రోజు నన్ను కొట్టినందువల్ల కొన్నాళ్లు మా అమ్మతో వేరుగా ఉంటున్నాను, పాప ఖర్చు నేనే పంపుతాను" అని ఆమెకు ఒక మెసేజి పెట్టి, అదే మాట స్టేషన్లో ఇచ్చి పో. నగలు ముట్టుకోవద్దు. కొత్త బ్యాంకు ఖాతా తెరిచి జీతం అందులోకి మార్పించుకో, కానీ ఇంటి ఖర్చు, పాప బడి ఫీజు మొదటి నెల నుంచే ఫోన్ పేలోనో బ్యాంకులోనో పంపు. చేతికి నగదు వద్దే వద్దు. డబ్బులాపి దారికి తెస్తాను అనుకునే భర్తలను చూశాను, మనోవర్తి కేసులో మొదటి వాయిదాకే వాళ్లే దారికొచ్చారు.

పాప గురించి నీకు నచ్చని మాట చెబుతా. ఐదేండ్ల లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలంటుంది చట్టం. చంకనెత్తుకుని పోవడానికి ప్రయత్నించొద్దు, నిన్ను కిడ్నాపరును చేస్తారు. ఆమె పాప మీద కూడా చెయ్యి చేసుకుంటోందా? ఉత్తరంలో ఆ మాట లేదు. చేసుకుంటుంటే కథ మారిపోతుంది, ముందు పిల్లల హెల్ప్‌లైను 1098, తర్వాత నేను. లేకపోతే చూసే హక్కు గట్టిగా అడుగుదాం, వారానికి రెండు రోజులు, పండగలు. ఇంకోమాట, ఆమెకు ఈ కోపం కాన్పు తర్వాత మొదలైందా? అయితే డాక్టరుకు చూపించడం గురించి ఆమె పుట్టింటివాళ్లతో మాట్లాడు. జబ్బు అయితే మందు ఉంటుంది. జబ్బు కాబట్టి దెబ్బలు ఓర్చుకోమని మాత్రం అర్థం కాదు. చెయ్యి కోసుకుంటా అన్న మాటను కూడా నాటకం అని కొట్టిపారేయకు. అన్న వెంటనే 112కు చెయ్, వాళ్ల నాన్నకు మెసేజి పెట్టు. ఆమె ప్రాణానికీ మంచిది, నీకూ మంచిది.

పెద్దమనుషుల పంచాయితీకి పొమ్మంటారు, పో. మన వైపు ఆఖరి అస్త్రం ఒకటుంది కదా, "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా" అని. ఆ బావి దగ్గర అబద్ధమాడడానికి భయపడేవాళ్లు ఇంకా ఉన్నారు, నేను కాదనను. కానీ వరసిద్ధుడు కోర్టుకు వాంగ్మూలం రాసివ్వడు. పంచాయితీలో ఏం ఒప్పుకున్నారో తెల్లకాగితం మీద రాయించి, ఇరువైపుల సంతకాలు పెట్టించు. ఆమె "ఇకపై చెయ్యి చేసుకోను" అని సంతకం పెడితే, ఇదివరకు చేసుకున్నట్టే కదా. ఖాళీ స్టాంపు పేపరు మీద మాత్రం నువ్వు సంతకం పెట్టకు, మీ మామ ఏడ్చినా సరే. ఇంకో చిక్కు, రాజీ పడి మళ్లీ కాపురానికి పోతే పాత దెబ్బలను నువ్వు క్షమించినట్టు కోర్టు అనుకునే వీలుంది, హిందూ వివాహ చట్టం 23వ సెక్షన్. మళ్లీ కొడితే పాతవి కూడా లేచొస్తాయి. అందుకే ఆ కాగితం, తేదీతో సహా.

ఒక పాల వ్యాను డ్రైవరు, ఆరడుగుల మనిషి, మా ఆఫీసు మెట్ల మీద మూడు రోజులు కూర్చుని లోపలికి రాకుండా పోయినాడు. నాలుగోరోజు మా గుమాస్తా టీ ఇచ్చి లోపలికి తీసుకొచ్చినాడు. "ఇట్లాంటివి తీసుకుంటారా మేడం" అన్నాడు. చొక్కా విప్పితే వీపు మీద అట్లకాడ వాతలు. కొట్టగలిగీ కొట్టలేదు, అదే అతనికి సిగ్గు. నాకు అదే అతని కేసులో గట్టి పాయింటు. రెండేండ్లు పట్టింది, చివరికి ఇద్దరూ కలిసి పరస్పర అంగీకార విడాకులకు వచ్చారు. ఇప్పుడు ఆదివారాలు కొడుకును అలిపిరి దగ్గరికి తీసుకుపోతుంటాడు, ఎప్పుడైనా కనబడితే వ్యాను ఆపి పెరుగు ప్యాకెట్టు ఇస్తాడు.

నువ్వు చెయ్యి ఎత్తకు. ఆమె చెయ్యి పట్టుకుని ఆపడం కూడా వద్దు, మణికట్టు మీద నీ వేళ్ల గుర్తులు పడతాయి. కేక మొదలుకాగానే పాపను మీ అమ్మ చేతికిచ్చి మిద్దె మీదికో రోడ్డు మీదికో వచ్చెయ్. బండి తాళం, ఫోన్, ఆధార్ కాపీ ఎప్పుడూ జేబులో ఉంచుకో.

లాయరును పెట్టుకునే స్తోమత లేదనుకుంటే కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఫోన్ 15100. ఆడవాళ్లకు ఆదాయం చూడరు, మగవాళ్లకు ఎస్సీ, ఎస్టీ, వికలాంగుల్లాంటి కొన్ని వర్గాలైతే తప్ప ఆదాయ పరిమితి ఉంటుంది. అడిగి తెలుసుకో. నా దగ్గరికే వస్తానంటే సోమవారం సాయంత్రం రా. రుయా చీటీ, క్లినిక్ బిల్లు, పెండ్లి పత్రిక, మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఒక నోటుబుక్కులో నీకు గుర్తున్నంత వరకు తేదీలు. తేదీ గుర్తులేకపోతే ఆ రోజు బ్రహ్మోత్సవాలా, పాప పుట్టినరోజా, వాన పడిందా, అదైనా రాయి. మీ అమ్మకు ఇంకా చెప్పలేదన్నావు, కానీ నీళ్లు పోసినప్పుడు ఆమె అక్కడే ఉంది కదా. చెప్పేదేముంది, కూర్చోబెట్టి అడుగు, తను ఏం చూసిందో.